మంచాన పడ్డ నాన్నను చూసుకుంటున్నాను, అద్దె కట్టలేకపోతున్నాం: ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా?

అమ్మా, మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి మిగతావారికి కూడా అర్థమయ్యేలా ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు కావలిలో అద్దె ఇంట్లో ఉంటున్నారు. నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు దాటింది. కుడి పక్క పూర్తిగా పడిపోయింది, మంచం దిగలేరు. ఆయనను చూసుకోవడానికి మీరు బట్టల దుకాణంలో పని మానేశారు. మీవారు బాడుగకు తీసుకున్న ఆటో నడుపుతారు. అమ్మగారూ మీ దగ్గరే ఉంటారు. ఇంటి అద్దె 5,500. మీ అన్నయ్య బెంగళూరులో ఉద్యోగం, పండక్కి వచ్చి చూసి వెళ్తాడు. లండన్‌లో ఉన్న బంధువుల అబ్బాయి ఫోనులో "ఇక్కడైతే ఇంట్లో మనిషిని చూసుకునేవాళ్లకు గవర్నమెంటే డబ్బిస్తుంది, అద్దెకూ ఇస్తుంది" అన్నాడు. మన దగ్గర అలాంటివి ఉన్నాయా అని మీ ప్రశ్న. చివర్లో ఒక ఏజెంటు పదివేలు అడుగుతున్నాడని కూడా రాశారు.

నేను నెల్లూరులో మెప్మాలో, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థలో, కమ్యూనిటీ ఆర్గనైజరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ మా వీధి అరుగు మీద దరఖాస్తులు నింపి పెట్టడం మానలేదు. అక్కడ చూసిందే చెబుతాను.

నేరుగా జవాబు: చూసుకునే మనిషి పేరు మీద ఆంధ్రప్రదేశ్‌లో నెలనెలా వచ్చే భృతి లేదు. అద్దె సాయం అనే పథకమూ లేదు. వాటి కోసం ఆఫీసుల చుట్టూ తిరగకండి. కానీ నాన్నగారి పేరు మీద ఇప్పుడు వస్తున్న వృద్ధాప్య పింఛను 4,000 స్థానంలో 6,000 గానీ 15,000 గానీ రావడానికి దారి ఉంది. మీ పేరు మీద ఇల్లు కట్టుకోవడానికి 2,50,000 వరకు రావడానికి ఇంకో దారి ఉంది. మొదటిది ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని. రెండోది నెమ్మది మీద జరిగేది. ఈ రెంటినీ కలిపి ఆలోచించి గందరగోళపడేవాళ్లే ఎక్కువ.

లండన్ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, సగం మాట. బ్రిటన్‌లో వారానికి కనీసం 35 గంటలు ఒక మనిషిని చూసుకునేవాళ్లకు కేరర్స్ అలవెన్స్ అని ఇస్తారు. 2025-26లో అది వారానికి 83.30 పౌండ్లు. చూసుకునే మనిషికి వేరే సంపాదన ఉంటే, పన్నులూ గట్రా పోను అది ఆ ఏడాది వారానికి 196 పౌండ్లు దాటకూడదన్నారు. ఆ అబ్బాయి చెప్పని సంగతి ఏమిటంటే, జబ్బు మనిషికి వైకల్య భృతి మంజూరై ఉంటేనే ఆయన్ను చూసుకునేవాళ్లకు ఈ డబ్బు వస్తుంది. అంటే అక్కడ కూడా ముందు కదలాల్సింది రోగి కాగితమే. మన దగ్గర ఆ కాగితం దగ్గరే ఆగిపోతుంది, చూసుకునే మనిషి దాకా రాదు. అంతే తేడా.

చట్టంలో లేదా అంటే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భృతి ఇచ్చేలా పథకాలు ఉండాలని రాసి ఉంది. కేరళ చాలా ఏళ్ల నుంచి ఆశ్వాసకిరణం పేరుతో మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లకు నెలకు 600 అని పెట్టింది. ఆ 600 ఏ మూలకు సరిపోతుంది అనవచ్చు, నిజమే. కానీ ఆ ఇంట్లో ఒక మనిషి పని మానుకుని కూర్చుందన్న సంగతి ప్రభుత్వ లెక్కలోకి ఎక్కింది కదా. మన లెక్కల్లో మీరు "గృహిణి". రాత్రికి నాలుగుసార్లు లేచి మనిషిని పక్కకు తిప్పే గృహిణి.

సరే, చేయాల్సిన పనికి వద్దాం.

నాన్నగారి సదరం సర్టిఫికెట్, అంటే ఆసుపత్రిలో డాక్టర్ల బోర్డు పరీక్షించి వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాగితం. అన్నిటికీ తల ఇదే. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద వృద్ధులకు, వితంతువులకు 4,000, దివ్యాంగులకు 6,000 ఇస్తున్నారు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్లకు 15,000. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు, తలసేమియా లాంటివాటికి 10,000. మీ నాన్నగారికి వృద్ధాప్య పింఛను వస్తోందన్నారు. "వస్తోంది కదా" అని అక్కడే ఆగిపోయారు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. ముసలివాళ్లకు పక్షవాతం వస్తే అది వయసులో భాగం అనుకుంటారు తప్ప వైకల్యం అనుకోరు. కాగితం మీద మాత్రం ఆ రెండింటికీ మధ్య నెలకు 11,000 తేడా ఉంది.

మెదడు, నరాల జబ్బుల్లో వైకల్యాన్ని జబ్బు మొదలైన ఆరు నెలల తర్వాతే లెక్కగట్టాలని మార్గదర్శకాలు ఉన్నాయి. ఆ లోపు మనిషి కోలుకునే అవకాశం ఉంటుందని. అందుకే మొదటి నెలల్లో వెళ్లినవాళ్లను వెనక్కి పంపేస్తారు, వాళ్లు కోపంతో మళ్లీ వెళ్లరు. మీకు ఆ గడువు దాటింది. వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం స్లాట్ బుక్ చేసుకోండి. ఆసుపత్రి ఏదో, తేదీ ఏదో స్లాట్‌లోనే వస్తుంది.

వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలో అందరూ చెబుతారు: ఆధార్, ఫొటోలు. అసలు పనికొచ్చేవి వేరే. పక్షవాతం వచ్చిన రోజు చేర్చిన ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, సీటీ లేదా ఎంఆర్‌ఐ రిపోర్టు, ఆ తర్వాత ఫిజియోథెరపీ చేయించి ఉంటే ఆ చీటీలు, యూరిన్ పైపు గానీ ముక్కు పైపు గానీ మార్పించిన ప్రతిసారీ రాసిన కాగితాలు. ఇవన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టండి. బోర్డులో కూర్చున్న డాక్టరుకు మీ మీద కోపం ఉండదు, తీరిక ఉండదు. వరండాలో స్ట్రెచర్లూ వీల్‌చైర్లూ వరుసగా ఉంటాయి, ఒక్కో మనిషికి దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కాస్త సమయంలో మాట్లాడాల్సింది ఫైలే.

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎక్కువ చేసి చెప్పవద్దు, తక్కువా చేయవద్దు. మన పెద్దవాళ్లకు ఒక అలవాటు ఉంది. డాక్టరు "ఎలా ఉంది తాతా" అనగానే "బాగానే ఉంది నాయనా" అంటారు. అలవాటు మర్యాద అది, కానీ అక్కడ అది నష్టం. ఎవరి సాయం లేకుండా లేచి కూర్చోగలరా, అన్నం కలుపుకుని తినగలరా, మలమూత్రాలకు ఎలా, పక్కకు ఎవరు తిప్పుతారు, పుండ్లు పడ్డాయా, ఇవి మీరే పక్కన నిలబడి చెప్పాలి. ఎక్కువ చేసి ఎందుకు చెప్పకూడదంటే, 2025 జనవరి నుంచి 15,000 తీసుకుంటున్నవాళ్ల ఇళ్లకు వైద్య బృందాలు వచ్చి మళ్లీ పరీక్షించాయి. కొందరిని 6,000కు మార్చారు. ఆ తర్వాత దివ్యాంగుల పింఛన్లన్నిటికీ ఈ పరీక్ష సాగింది, 40 శాతం లోపు వచ్చినవాళ్లకు ఆగస్టులో నోటీసులు అందాయి. నిజంగా లేవలేని మనిషి కూడా అప్పుడు భయపడాల్సి వచ్చింది, ఎందుకంటే వాళ్ల దగ్గర సర్టిఫికెట్ తప్ప పాత కాగితం ఒక్కటీ లేదు. నోటీసు వచ్చినవాళ్లు పల్లెల్లో ఎంపీడీఓకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనరుకు అప్పీలు పెట్టుకున్నారు. ఫైలు ఉన్నవాళ్లు నిలబడ్డారు.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక సచివాలయంలో సంక్షేమ కార్యదర్శిని కలిసి పింఛను రకం మార్చమని రాసివ్వండి. ఇక్కడొక మాట ముందే చెప్పాలి. కొత్త మంజూరులకు ఏడాది పొడవునా తలుపు తెరిచి ఉండదు. ప్రభుత్వం విడతగా తెరుస్తుంది, తెరిచినప్పుడు కాగితం సిద్ధంగా ఉన్నవాళ్లదే ముందు వరుస. కాబట్టి "ఇప్పుడు కొత్తవి తీసుకోవడం లేదు" అన్నా సదరం ఆపవద్దు. ఆ సర్టిఫికెట్‌తో వచ్చే యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు, పింఛనుకు ఒక్కదానికే కాదు. నడవలేని, తోడు లేకుండా ప్రయాణం చేయలేని మనిషికి రైలు టికెట్టులో స్లీపరుకైనా థర్డ్ ఏసీకైనా 75 శాతం రాయితీ ఉంది, వెంట వెళ్లే మనిషికి కూడా అంతే. నాకు తెలిసినంతలో చూసుకునే మనిషిని కూడా లెక్కలోకి తీసుకుని ఆమెకూ ఒక టికెట్టు చించే శాఖ రైల్వే ఒక్కటే. కావలి నుంచి చెన్నై ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే గుర్తుపెట్టుకోండి.

ఇక పింఛను ఆగిపోయే దారులు. దరఖాస్తు కంప్యూటర్లో ఎక్కించగానే ఆరు రకాల వడపోత జరుగుతుంది: కుటుంబ ఆదాయం, భూమి, నాలుగు చక్రాల బండి, కరెంటు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను. పట్టణాల్లో ఇంటి విస్తీర్ణం కూడా చూస్తారు. మీవారి ఆటో గురించి భయం వద్దు. ఆటోలు, ట్యాక్సీలు, ట్రాక్టర్లు ఆ నాలుగు చక్రాల లెక్కలోకి రావు. చూసుకోవాల్సింది కుటుంబ మ్యాపింగ్. సచివాలయం లెక్కల్లో మీ నాన్నగారు ఎవరి కుటుంబంలో ఉన్నారు? మీ అన్నయ్య కుటుంబంతో కలిపి ఉంటే ఆయన కట్టే ఆదాయపు పన్ను నాన్నగారి పేరు పక్కన పడుతుంది. అన్నం పెట్టేది కూతురు, కంప్యూటర్లో తండ్రి కొడుకు దగ్గర. మా నెల్లూరులో పెన్నా ఒడ్డున ఒక పెద్దాయనకు ఇదే జరిగింది. కొడుకు ప్రభుత్వ ఉద్యోగి, వేరే జిల్లాలో కాపురం, తండ్రి మొహం చూసి ఏళ్లయింది. అయినా "కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి" అని తిరస్కరించారు. విడదీయించడానికి రేషన్ కార్డు, ఆధార్ చిరునామా, సచివాలయం సర్వే మూడూ ఒకే మాట చెప్పాలి. ముందు మీ మ్యాపింగ్ ప్రింటు తీసి చూపించమని అడగండి. అడిగే హక్కు మీకు ఉంది.

రెండోది కరెంటు మీటరు. ఏడాది సగటు నెలకు 300 యూనిట్లు దాటితే బియ్యం కార్డు దగ్గర నుంచి అన్నిటికీ అడ్డం. మామూలు పేద ఇంట్లో అంత కాలదు. కానీ అద్దె ఇళ్లలో రెండు చిక్కులున్నాయి. యజమాని రెండు మూడు వాటాలకు ఒకే మీటరు పెట్టి, దానికి అద్దెకున్నవాళ్ల ఆధార్ ఇచ్చేస్తాడు. లేదా మీరు ఖాళీ చేసి వచ్చిన పాత ఇంటి మీటరు ఇంకా మీ ఆధార్ మీదే నడుస్తూ ఉంటుంది. కరెంటు ఆఫీసుకు సర్వీసు నంబరు తీసుకెళ్లి మీ ఆధార్‌కు ఏయే మీటర్లు తగులుకుని ఉన్నాయో చూపించుకోండి, మీది కానిది తీయించమని రాసివ్వండి.

రోగులున్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ ముందు ఊహించరు. ఆక్సిజన్ మిషను. ఐదు లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 300 వాట్లు తీసుకుంటుంది. రేయింబవళ్లు నడిస్తే రోజుకు ఏడు యూనిట్ల పైమాట, నెలకు 210 దాటుతుంది. దానికి ఫ్యాను, ఫ్రిజ్ కలిస్తే 300 ఎక్కడ ఆగుతుంది? ఊపిరితిత్తుల జబ్బు మనిషి ఉన్న ఒక ఇంటికి ఇలాగే బియ్యం కార్డు మీద అభ్యంతరం పడింది. కరెంటు ఎక్కువ కాల్చేవాడు డబ్బున్నవాడు అని రాసుకున్న నిబంధనకు, కరెంటు ఆగితే ఊపిరి ఆగే మనిషి కనబడడు. వాళ్లకు డాక్టరు చీటీ, మిషను బిల్లు జతచేసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీ పెట్టించాను. మీకు అలాంటిది లేదు కాబట్టి సంతోషం. పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు మోటారుకు కరెంటు కాలేది లెక్కలోకి రానంత తక్కువ. ఆ భయంతో దాన్ని రాత్రిపూట ఆపేస్తున్నారని రాశారు, అలా చేయకండి.

కనిగిరి వైపు నుంచి చదివేవాళ్లు ఉంటే వాళ్లకొక ముక్క. ఆ ప్రాంతంలో ఫ్లోరైడ్ బాధకు తోడు కిడ్నీ రోగులు చాలామంది. డయాలసిస్ మొదలైనవాళ్లకే 10,000 వస్తుందని ఒక అపోహ ఉంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు మూడు, నాలుగు, ఐదు దశల్లో ఉన్నవాళ్లకూ ఆ వర్గం వర్తిస్తుంది. రక్త పరీక్షల వరుస జాగ్రత్త చేసుకోండి.

అమ్మగారి సంగతి. సాధారణంగా ఒక కుటుంబానికి ఒకే పింఛను, తీవ్ర వైకల్యానికి, తీవ్ర అనారోగ్యానికి మినహాయింపులు ఉన్నాయి. నాన్నగారు దివ్యాంగుల వర్గంలోకి మారాక అమ్మగారి పేరు మీద వృద్ధాప్య పింఛనుకు వీలవుతుందేమో అప్పుడు అడగండి. చెప్పకూడని మాటే కానీ చెప్పాలి: పింఛను తీసుకునే భర్త కాలం చేస్తే భార్యకు మరుసటి నెల నుంచే 4,000 ఇచ్చే ఏర్పాటు 2024 నవంబరు నుంచి ఉంది. అమ్మగారి ఆధార్‌లో పేరు, రేషన్ కార్డులో పేరు ఒకలాగే ఉన్నాయో లేదో ఇప్పుడే చూసి పెట్టుకోండి. ఆ సమయంలో అక్షర దోషాల వెంట తిరిగే ఓపిక ఎవరికీ ఉండదు.

అన్నయ్య విషయం. మీరు దీన్ని అడగలేదు, రాసిన తీరు చూసి చెబుతున్నాను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ ట్రిబ్యునల్‌గా కూర్చుంటారు. కావలిలోనే ఆర్డీఓ కార్యాలయం ఉంది. నాన్నగారి పేరు మీద అర్జీ పెడితే కొడుకు నెలకు ఇంత ఇవ్వాలని ఆదేశించవచ్చు, ఆ చట్టం ప్రకారం గరిష్ఠంగా 10,000. ఆయన రాలేరు కాబట్టి మీకు అధికారం ఇస్తూ వేలిముద్ర వేస్తే చాలు. లాయరు అక్కర్లేదు. నా సలహా అడిగితే, అర్జీ పెట్టకముందు ఖర్చుల కాగితం ఒకటి రాసి అన్నయ్యకు పంపండి. డైపరు ఒక్కోటి 40 రూపాయలనుకుంటే రోజుకు మూడు లెక్కన నెలకు 3,600. మందులు ఇంత, గ్లౌజులు, డెట్టాల్, దూది ఇంత, మీరు మానుకున్న జీతం ఇంత. "డబ్బు సరిపోవడం లేదు" అంటే "చూద్దాంలే" అంటాడు. అంకెలు కనబడితే చూద్దాం అనడం కష్టం. అప్పటికీ కదలకపోతే ఆర్డీఓ.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, జాగ్రత్త. 15,000 మంజూరైన ఇళ్లలో ఒక వింత చూశాను. అప్పటిదాకా తొంగిచూడని కొడుకులకు నాన్న మీద ప్రేమ పొంగుకొస్తుంది, "మా ఇంట్లో నాలుగు రోజులు ఉంచుకుంటాం" అంటారు. నాలుగు రోజులూ ఒకటో తేదీ చుట్టూనే ఉంటాయి. పింఛను నాన్నగారిది, ఆయన ఎక్కడ ఉంటే ఖర్చు అక్కడే. వచ్చినదీ పెట్టినదీ ఒక నోటుబుక్కులో రాస్తూ ఉండండి. రేపు మీ మీద మాట రాకుండా ఉంటుంది.

ఇప్పుడు అద్దె. అద్దెకు డబ్బిచ్చే పథకం లేదని చెప్పాను. అద్దెకు డబ్బు మిగిల్చేవి మాత్రం ఉన్నాయి: బియ్యం కార్డు, దీపం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, బడికి వెళ్లే పిల్లలుంటే తల్లికి వందనం, నెల్లూరు ఆసుపత్రికి మీరు వెళ్లి రావడానికి 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు. ఇవన్నీ మీకు వస్తున్నాయో లేదో సరిచూసుకోండి. నాన్నగారికి డెబ్బై దాటితే ఆదాయంతో పనిలేకుండా ఉచిత వైద్యానికి ఆయుష్మాన్ వయవందన కార్డు కూడా తీసుకోవచ్చు.

అద్దె ఇంట్లో మంచాన పడ్డ మనిషిని ఉంచుకున్నవాళ్లకు ఇంకో భయం ఉంటుంది, బయటికి చెప్పుకోరు. మనిషి పరిస్థితి విషమించిందని తెలియగానే యజమాని ఖాళీ చేయమంటాడు. ఇంట్లో చావు జరగకూడదని, తర్వాత ఎవరూ అద్దెకు రారని. నెల్లూరులో ఇలా రాత్రికి రాత్రి మనిషిని ఆటోలో వేసుకుని బంధువుల వరండాకు చేరిన కుటుంబాలను చూశాను. యజమానులంతా దుర్మార్గులు కారు, వాళ్ల నమ్మకాలు వాళ్లవి. కానీ నోటి మాటతో రేపటికల్లా ఖాళీ చేయించే హక్కు ఎవరికీ లేదు. అద్దె ఒప్పందం కాగితం మీద రాయించుకోండి, అద్దె ఫోన్‌పే లాంటి దానిలోనో, చేతికిస్తే రశీదుతోనో కట్టండి. ఒత్తిడి చేస్తే 15100కు ఫోను చేసి న్యాయ సేవాధికార సంస్థ సాయం అడగండి. ఆడవాళ్లకు, దివ్యాంగులకు ఆదాయం ఎంతైనా ఉచిత న్యాయ సాయం చట్టం ఇచ్చిన హక్కు.

సొంత ఇంటి సంగతి. మీకు ఎక్కడా పక్కా ఇల్లు లేదు, స్థలమూ లేదన్నారు. నాన్నగారికి ఊళ్లో పాత ఇల్లుంది కాబట్టి మీకు రాదని ఎవరో చెప్పారట. అది తప్పు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన లెక్కలో కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. మీకు పెళ్లయింది, మీది వేరే కుటుంబం. తండ్రి ఇల్లు మీ దరఖాస్తుకు అడ్డం కాదు. 2024లో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలో సొంత స్థలంలో కట్టుకునేవాళ్లకు కేంద్రం 1,50,000, రాష్ట్రం 1,00,000 ఇస్తాయి. ఏడాది ఆదాయం 3,00,000 లోపు ఉండాలి, గత ఇరవై ఏళ్లలో ప్రభుత్వ ఇల్లు పొంది ఉండకూడదు. డబ్బు ఒకేసారి చేతికి రాదు, పని సాగిన కొద్దీ విడతలుగా ఖాతాలో పడుతుంది.

స్థలం లేదు కాబట్టి మీ మొదటి అర్జీ ఇంటి స్థలానికి. పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామని రాష్ట్ర మంత్రివర్గం 2025 జనవరిలో నిర్ణయించింది. సచివాలయంలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. అర్జీలో ఇంట్లో తీవ్ర వైకల్యం ఉన్న మనిషి ఉన్నారని స్పష్టంగా రాసి సదరం నకలు జతచేయండి. ఇళ్ల పథకాల్లో అయిదు శాతం దివ్యాంగులకు కేటాయించాలని 2016 చట్టం 37వ సెక్షన్ చెబుతోంది. అది నాన్నగారి హక్కే తప్ప నేరుగా మీది కాదు, అయినా అర్జీ బరువు పెంచుతుంది.

టిడ్కో ఇల్లు, అంటే పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన ఫ్లాటు, దొరికితే తీసుకోవచ్చా అని అడిగారు. దొరికితే కింది అంతస్తు అయితేనే. నెల్లూరు వెంకటేశ్వరపురంలోనో అల్లీపురంలోనో చూసి ఉంటారు, అవి అంతస్తుల బ్లాకులు. మూడో అంతస్తు నుంచి ఎనభై కిలోల మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మలుపు మలుపుకీ ఆగుతూ నలుగురు దించాలి. ఆ నలుగురూ ప్రతిసారీ దొరకరు. దివ్యాంగులు, వృద్ధులు ఉన్న కుటుంబాలకు కింది అంతస్తుల్లో ప్రాధాన్యం ఇవ్వాలని ఆవాస్ యోజన మార్గదర్శకాల్లోనే ఉంది. లాటరీలో పైది వచ్చిందని ఊరుకోకుండా ఆ మాట ఎత్తి కమిషనరుకు అర్జీ ఇవ్వాలి.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను, చాలామందికి నచ్చదు. స్థలం వచ్చినా వెంటనే అప్పు చేసి కట్టడం మొదలుపెట్టవద్దు. రెండున్నర లక్షల్లో ఇల్లు పూర్తి కాదు. ఇంకో మూడు లక్షలు బయట తెస్తారనుకోండి, నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6,000. మీ అద్దె కంటే ఎక్కువ. ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె కూడా కట్టాలి. ఊరి బయటి లేఔట్లలో పునాదుల దగ్గర ఆగిపోయిన ఇళ్లన్నీ ఈ లెక్క వేసుకోకుండా మొదలైనవే. అలా ఆగినవాటికి 2025లో ప్రభుత్వం ఎస్సీ, బీసీలకు 50,000, ఎస్టీలకు 75,000 అదనంగా ప్రకటించింది, మన యానాది కాలనీల్లో కొన్ని ఇళ్లకు అది ఊపిరి పోసింది. మీరు ముందు పొదుపు సంఘంలో చేరండి. నెల్లూరు జిల్లాలో దూబగుంట సారా ఉద్యమం తర్వాత ఆడవాళ్లు రోజుకో రూపాయి వేసుకుని మొదలుపెట్టిన పొదుపు లక్ష్మి సంఘాల వారసత్వం ఇది. సంఘం ద్వారా వచ్చే బ్యాంకు అప్పు వడ్డీకీ, బయటి వడ్డీకీ పోలికే లేదు. మీ వార్డులో పొదుపు సంఘాలను చూసే ఆర్పీని (రిసోర్స్ పర్సన్) అడిగితే ఏ సంఘంలో ఖాళీ ఉందో చెబుతుంది.

ఆధార్ చిరునామా ఇంకా పాత ఊరిదే ఉందని, యజమాని కరెంటు బిల్లు నకలు ఇవ్వడం లేదని రాశారు. వార్డు కౌన్సిలరు గానీ గెజిటెడ్ అధికారి గానీ ఆధార్ సంస్థ నిర్ణీత నమూనాలో ఫొటో అంటించి సంతకం చేసి ఇస్తే దాంతో చిరునామా మార్చుకోవచ్చు. ఆ కాగితం మూడు నెలలే చెల్లుతుంది, తీసుకున్న వారంలోనే ఆధార్ కేంద్రానికి వెళ్లండి. ముందు మీవారిది మారిస్తే, కుటుంబ పెద్ద ఆధారంగా మీదీ మారుతుంది. నాన్నగారి చిరునామా మారాక ఆయన పింఛనును కూడా మీ ప్రస్తుత సచివాలయానికి బదిలీ చేయించండి. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తేదీన ఆటోలో పాత ఊరికి తీసుకెళ్తున్నామన్నారు, ఆ అవస్థ తప్పుతుంది.

చివరిది, ఏజెంటు. ఇవ్వకండి. సదరం పరీక్షకు ఆసుపత్రిలో కట్టే రుసుము లేదు, స్లాటు బుక్ చేసినందుకు సర్వీసు ఛార్జి నామమాత్రం. శాతం "ఎక్కువ వేయిస్తాను" అనేవాడు తెచ్చే కాగితం మళ్లీ జరిగే తనిఖీలో పోతుంది, అప్పుడు అతని ఫోను మోగదు. మీ నాన్నగారి పరిస్థితి మీరు రాసినట్టే ఉంటే శాతం ఎవరూ వేయించనక్కర్లేదు. అతను ఇప్పటికే ఆధార్ నకళ్లు తీసుకున్నాడా? తీసుకుని ఉంటే ఆయన బయోమెట్రిక్ లాక్ చేయండి, పింఛను రోజుకు ముందు తీయవచ్చు. సదరం స్లాటు తేదీ వచ్చాక ఇక్కడే రాయండి, ఆ ఫైలులో ఏ కాగితం పైన ఉండాలో చూసి చెబుతాను.